పవర్‌పాయింట్‌లో కవిత మొదలుపెట్టాను, ఇది కవితేనా అని అనుమానం

వానకోయిల (తణుకు) | శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను ఒక కళాశాల ఆఫీసులో పనిచేస్తాను. మీటింగు ఉందంటే స్లైడ్లు చేసేది నేనే. కవితలు నోటుబుక్కులో రాసుకుని బీరువాలో పెట్టడమే తప్ప ఎవరికీ చూపించింది లేదు.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. తణుకు, రాజమండ్రి రూటు చాలా ఏళ్ళు చేశారు. వేసవి సెలవుల్లో నన్నూ బస్సెక్కించుకునేవారు. ఆ స్టేజీ పేర్లు నేను బడిలో కాదు, ఆయన గొంతులో నేర్చుకున్నాను. తణుకు, పెరవలి, సిద్ధాంతం, ఈతకోట, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి, రాజమండ్రి. పోయిన ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత స్వాధీనంలోకి వచ్చాయి. మాటే ఇంకా సరిగ్గా రాలేదు. ముఖ్యంగా వత్తులు పలకవు. పెరవలి శుభ్రంగా అంటారు, ఈతకోట అంటారు. సిద్ధాంతం దగ్గరికొచ్చేసరికి "సిదాంతం". జొన్నాడ "జొనాడ". రాజమండ్రి "రాజమండి". మాట నేర్పే అమ్మాయి ఆయనకి బాగా అలవాటైన పదాలతోనే సాధన చేయించమంది. అందుకని రోజూ సాయంత్రం ఈ ఎనిమిది పేర్లే మా ఇంట్లో.

ఒకరోజు ఆఫీసులో స్లైడు చేస్తూ, ఈ పేర్లు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చి, వత్తు ఉన్నచోట మాత్రం అది రాకుండా ఉంటే ఎలా ఉంటుందా అనిపించింది. అదే కవిత అనుకున్నాను. తొమ్మిది స్లైడ్లు చేశాను. వెనక రోడ్డు ఫొటో, బస్సు హారను చప్పుడు, పేర్లు గిరగిరా తిరుగుతూ రావడం, అన్నీ పెట్టాను. చూసుకుంటే ఏడుపొచ్చింది. నాన్న సంగతి దానిలో ఎక్కడా లేదు.

డిజిటల్ కవిత్వం చేసేవాళ్ళు కోడ్ రాస్తారని విన్నాను. నాకు కోడ్ రాదు. ఆఫీసు పనికి వాడే దానితో కవిత చేయొచ్చా? అసలు చేసిన దాన్ని కవిత అనొచ్చా? నిజం చెప్పండి, బాధపడను.

---

నల్లబల్ల (సిద్దిపేట) | శనివారం, రాత్రి 11:05

అక్కా, నమస్తే. మీరు రాసింది చదివి ఫోను పక్కకు పెట్టి కొద్దిసేపు ఊకెనే కూసున్న.

నేను సర్కారు బడిల పంతులును. ఏడెనిమిది ఏండ్ల సంది పిల్లలకు స్లైడ్లు చేస్తున్న. నాకు తెల్సింది చెప్త. ఫొటో తీసెయ్యుండ్రి. హారను తీసెయ్యుండ్రి. గిరగిర తిరుగుడు మొత్తానికే వద్దు. మొదలు అన్ని యానిమేషన్లు తీసేసి, ఉత్త పేర్లు మాత్రం పెట్టి చూడుండ్రి. అప్పుడు దేనికి కదలిక కావాల్నో అదే చెప్తది.

యానిమేషన్ పేన్ తెరిస్తే వరుస కనపడ్తది. ఆన్ క్లిక్ అంటే మీరు నొక్కినప్పుడే వస్తది. విత్ ప్రీవియస్ అంటే ముందటి దాంతోని కల్సి, ఆఫ్టర్ ప్రీవియస్ అంటే అది అయినంక. డిలే అని ఇంకొకటి ఉంటది, ఎన్ని సెకండ్లు ఆగాల్నో అందులో చెప్పాలె. అందరు ఎఫెక్టుల దిక్కే చూస్తరు గని, నాకైతే ఈ డిలేనే అసలు పనిముట్టు అనిపిస్తది.

---

నిప్పుకణిక (అనంతపురం) | ఆదివారం, ఉదయం 7:40

వానకోయిల గారూ, నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ పోస్టులోనే కవిత అయిపోయింది. "సిదాంతం, జొనాడ, రాజమండి." ఈ మూడు మాటలు చదవగానే నాకు గొంతు పట్టేసింది. కాగితం మీద ఇంత చేసినదానికి స్లైడు ఎందుకండీ?

నేను పదిహేనేళ్ళుగా అచ్చు పత్రికలకి రాస్తున్నాను. అక్షరాలు ఎగిరి వచ్చే కవితలు ఇంటర్నెట్‌లో చాలా చూశాను. ఎగరడం గుర్తుంటుంది, అక్షరం గుర్తుండదు. మీ దగ్గర ఉన్నది బలమైన విషయం. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించకండి.

---

వానకోయిల | ఆదివారం, ఉదయం 9:15

నిప్పుకణిక గారూ, రాత్రంతా నేనూ అదే ఆలోచించాను. నోటుబుక్కులో రాసి చూశాను కూడా. "జొనాడ" అని రాస్తే అచ్చుతప్పులా ఉంది. చదివేవాళ్ళ కన్ను దాన్ని దిద్దుకుని ముందుకు పోతుంది.

ఇంట్లో జరిగేది అది కాదు. నాన్న "జొ" అంటారు. ఆగుతారు. ఆయన పెదవులు చూస్తూ ఉంటాను. ఆ మాట ఆయనకి తెలుసు, దగ్గరే ఉంది, నోటికి అందడం లేదు. మేమిద్దరం అలా కూర్చుని ఉంటాం. ఒక్కోసారి పది సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. తర్వాత "నాడ" వస్తుంది. ఆ మధ్యలో ఉన్నది కాగితం మీద ఎలా పెట్టాలో నాకు తెలియడం లేదండీ. చుక్కలు పెట్టాను. ఖాళీ వదిలాను. చదివేవాళ్ళు దాన్ని ఒక్క క్షణంలో దాటేస్తారు.

---

నిప్పుకణిక | ఆదివారం, ఉదయం 9:50

ఇప్పుడు అర్థమైంది. మీకు కావలసింది కదలిక కాదు, ఆగడం. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేయండి.

---

పాతసంచిక (గుంటూరు) | ఆదివారం, మధ్యాహ్నం 3:30

అమ్మా వానకోయిలా, నేను తెలుగు పండితుడిగా చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కంప్యూటరు మనవడు నేర్పినంత వరకే వచ్చు. కానీ "ఇది కవిత్వమా" అన్న నీ సందేహానికి నా దగ్గర సమాధానం ఉంది.

అక్షరాన్ని చోటు చూసి కూర్చోబెట్టడం మనకి కొత్త కాదు. బంధకవిత్వం అని మన ప్రబంధకవులు చేశారు. నాగబంధంలో పద్యం పాము చుట్టల వెంబడి నడుస్తుంది. చుట్టలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకే అక్షరాన్ని రెండుసార్లు చదవాలి. చక్రబంధం ఉంది, ఖడ్గబంధం ఉంది. అవి కంటితో చూడవలసిన పద్యాలు. చెవితో వింటే సగమే అందుతాయి. దాన్ని విద్వత్తు చూపించుకోవడం అని కొందరు తక్కువ చేశారు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. బొమ్మ కోసం భావాన్ని వంచితే ఆ మాట పడవలసిందే. నీ విషయం వేరు. నీ భావమే ఒక అక్షరం రాకపోవడం.

ఇంకొకటి. అవధానంలో నిషిద్ధాక్షరి చూసే ఉంటావు. అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతుంటే పృచ్ఛకుడు "తరువాత ఫలానా అక్షరం వద్దు" అంటూ పోతాడు. వద్దన్నదాన్ని తప్పించుకుని పద్యం పూర్తి చేయాలి. మీ నాన్నగారి నోటి దగ్గర ఆ జబ్బు పృచ్ఛకుడిలా కూర్చుని వత్తు వద్దంటోంది. ఆయన పేర్లన్నీ చెబుతూనే ఉన్నారు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు తల్లీ.

---

తూర్పుగాలి (న్యూజెర్సీ) | ఆదివారం, రాత్రి 8:10

కోడ్ రాకపోతే చేయకూడదా అన్న దానికి నాకు తెలిసినంత చెబుతాను.

కంప్యూటర్లతో కవితల్లాంటివి చేసిన తొలివాళ్ళకి కూడా దానికోసం తయారైన యంత్రాలేవీ లేవండీ. 1952లో క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఆయన మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో లెక్కలు చేసే కంప్యూటరుతో ప్రేమలేఖలు రాయించాడు. 1984లో కెనడా కవి బీపీ నికోల్ ఆపిల్ కంప్యూటర్‌లో, అప్పట్లో పిల్లలు కూడా నేర్చుకునే బేసిక్ భాషలో, అక్షరాలు కదిలే పన్నెండు చిన్న కవితలు చేశాడు. పవర్‌పాయింట్ కూడా 1987లో ఆఫీసు మీటింగుల కోసమే పుట్టింది. సంగీతకారుడు డేవిడ్ బర్న్ దాన్ని కళకి వాడుకుని 2003లో పుస్తకంగా, డీవీడీగా తెచ్చాడు. చేతిలో ఉన్నదానితో చేయడం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్నదే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంతోమంది ఇలాంటి కవితలు చేశారు. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆపేశారు. ఆ కవితలు చాలావరకు మామూలు బ్రౌజర్‌లో ఇక తెరుచుకోలేదు. మీరు చేసినదాన్ని ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్ళి వీడియోగా కూడా దాచుకోండి. స్లైడు ఫైలు ఒకటి, వీడియో ఒకటి, రెండు చోట్ల.

---

అక్షరకూలి (విజయవాడ) | సోమవారం, ఉదయం 6:30

ఇరవై ఏళ్ళుగా డీటీపీ పని నాది. శుభలేఖల నుంచి పీహెచ్‌డీ పుస్తకాల దాకా కంపోజ్ చేశాను. వత్తుని విడదీయడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను, అసలు చిక్కు అక్కడే వస్తుంది మీకు.

మనకి "స్త్రీ" ఒక్క అక్షరం. కంప్యూటరుకి అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వత్తు అనే అక్షరం దానికి విడిగా లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఫాంటు దాన్ని వత్తుగా మార్చి కింద పెడుతుంది. అందుకే న వత్తు ఒక్కదాన్నే టైపు చేద్దామంటే కుదరదు. యానిమేషన్‌లో "బై లెటర్" అని ఒకటుంటుంది, తెలుగుకి దాని మీద ఆధారపడకండి. దాని లెక్క వేరు, మన లెక్క వేరు.

నేను చేసే పద్ధతి ఇది. "జొన్నాడ" అని పెద్ద సైజులో టైపు చేయండి. దాన్ని పూర్తిగా కప్పేలా ఒక చతురస్రం గీయండి. రెండూ సెలెక్ట్ చేసి షేప్ ఫార్మాట్‌లో మెర్జ్ షేప్స్, దానిలో ఫ్రాగ్‌మెంట్ నొక్కండి. మాట ముక్కలైపోతుంది. చతురస్రం ముక్కలు, అక్షరాల లోపలి ఖాళీల ముక్కలు తీసేస్తే న వత్తు విడిగా మీ చేతికి వస్తుంది. ఇక దాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కదిలించుకోవచ్చు. వత్తు అక్షరానికి తగిలి ఉండే ఫాంటు తీసుకుంటే మాత్రం శుభ్రంగా విడిపోదు, రెండు మూడు ఫాంట్లు చూడండి. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చినవి చాలా ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న. మీ విషయానికి మండలి బాగుంటుందని నా మనసుకి. రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికలకి మంచిది.

ఫ్రాగ్‌మెంట్ చేశాక అది అక్షరం కాదు, బొమ్మ. ఇక దిద్దడానికి ఉండదు. అందుకని ముందే స్లైడుని డూప్లికేట్ చేసి పెట్టుకోండి. ఒక లాభం కూడా ఉంది: బొమ్మ అయ్యాక ఏ కంప్యూటరులోనైనా అలాగే కనిపిస్తుంది, ఫాంటుతో పని లేదు. ఒక ఉగాది కవిసమ్మేళనానికి మిత్రుడి కోసం పద్యాల స్లైడ్లు చేసి పెన్‌డ్రైవులో ఇచ్చాను. అక్కడి కంప్యూటరులో ఆ ఫాంటు లేదు. పాదాలు విరిగిపోయి, చివరి అక్షరాలు కింది వరుసలోకి పడ్డాయి. ఆయన వేదిక మీద నిలబడి చదవలేక తడబడ్డాడు. అది నా తప్పు. ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర "ఎంబెడ్ ఫాంట్స్" టిక్కు పెట్టాల్సింది, పెట్టలేదు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

---

చెవితోచదువు (వరంగల్) | సోమవారం, రాత్రి 9:25

నేను కళ్ళతో చదవను. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వింటాను. ఈ చర్చ మొత్తం అలాగే విన్నాను. వానకోయిల గారి మొదటి పోస్టులో నా రీడరు "జొన్నాడ", "జొనాడ" రెండూ వేరువేరుగా పలికింది. ఆ తేడా నాకు చెవిలో తగిలింది. చూపున్నవాళ్ళ కంటే నాకే ముందు తగిలి ఉంటుంది.

అక్షరకూలి అన్న చెప్పినట్టు బొమ్మ చేస్తే నాకు ఆ కవిత మూగబోతుంది. దయచేసి ప్రతి బొమ్మకీ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకి బదులు రీడరు చదివే మాట, రాయండి. కుడి క్లిక్‌లోనే ఉంటుంది. "చిత్రం" అనో "అక్షరం ముక్క" అనో రాయొద్దు. వత్తు లేని మాటకి "జొనాడ" అని రాయండి. వత్తు బొమ్మకి "జొన్నాడ" అని పూర్తి మాట రాయండి. అప్పుడు మీరు కంటితో చూసినది నేను అదే వరుసలో వింటాను. సెలెక్షన్ పేన్‌లో వరుస కూడా సరిచూడండి, అది తారుమారైతే నాకు రాజమండ్రి ముందొచ్చి తణుకు తర్వాతొస్తుంది.

---

వానకోయిల | మంగళవారం, రాత్రి 11:40

చెవితోచదువు గారూ, ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటుందని తెలుసు గానీ ఆఫీసు స్లైడ్లకి ఒక్కసారీ పెట్టలేదు. మీ మాట విన్నాక చాలా బాధపడ్డాను. ఇది మొదలుకుని అన్నిటికీ పెడతాను.

అక్షరకూలి గారూ, ఈ రాత్రి చేశాను. సిద్ధాంతంలో ధ వత్తు సులువుగా వచ్చింది. రాజమండ్రిలో క్రావడి, అదే ర వత్తు, రావడానికి గంటన్నర పట్టింది, అది డ కింద నుంచి ఎడమకి చుట్టుకుని ఉంటుంది కదా, రెండు ఫాంట్లలో అక్షరంతో కలిసిపోయింది. మండలిలో విడిపోయింది. ఆ చిన్న కొక్కెం ముక్క ఒక్కటే తెర మధ్యలో ఉంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా రాస్తున్న అక్షరం, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

---

నల్లబల్ల | బుధవారం, ఉదయం 6:10

అక్కా, ఇప్పుడు కవిత దొరికింది మీకు. ఆ ముక్కను ఆడియాడనే వదిలిపెట్టుండ్రి, స్లైడుకు కిందంచున. పైన పేరు, కింద వత్తు. నడుమ జాగ ఉంచుండ్రి. వత్తుకు మోషన్ పాత్ ఇచ్చి మెల్లగ పైకి రానియ్యాలె. డ్యూరేషన్ మూడు సెకండ్లు పెట్టి చూడుండ్రి.

---

వానకోయిల | శనివారం, రాత్రి 10:50

వారం తర్వాత వస్తున్నాను. ఇప్పుడు స్లైడ్లు ఇలా ఉన్నాయి.

వెనక ఫొటో లేదు. నాన్న ట్రంకుపెట్టెలో పాత టికెట్ల కట్ట ఒకటి దొరికింది, లేత గులాబీ రంగు. దాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఐడ్రాపర్‌తో ఆ రంగు తీసుకుని స్లైడంతా అదే వేశాను. చప్పుడు లేదు. తణుకు, పెరవలి మామూలుగా ఫేడ్‌లో వస్తాయి. వెనువెంటనే, ఒకదాని తర్వాత ఒకటి, ఆయన బస్సులో అరిచినంత వేగంగా. మూడో స్లైడులో "సిదాంతం" వస్తుంది, ధ వత్తు కింద పడి ఉంటుంది. ఏమీ జరగదు. ఆరు సెకన్లు. తర్వాత వత్తు లేస్తుంది, సగం దాకా వచ్చి ఆగుతుంది, తర్వాతి స్లైడు వచ్చేస్తుంది. అంటే సిద్ధాంతంలో అది చేరదు. ఈతకోట, రావులపాలెం మళ్ళీ హాయిగా. జొన్నాడ దగ్గర చేరుతుంది. వేమగిరి తర్వాత రాజమండ్రిలో క్రావడి అసలు కనబడదు. తొమ్మిదో స్లైడు ఖాళీ, టికెట్టు రంగు మాత్రమే.

జొన్నాడలో ఎందుకు చేరిందంటే, పోయిన బుధవారం నాన్న నిజంగానే అన్నారు. "జొన్నాడ." రెండోసారి అనమంటే రాలేదు. కానీ అన్నారు. అమ్మ కూడా విన్నది.

గొంతు రికార్డు చేసి పెడదామని కూడా అనుకున్నాను. ఆయనని అడిగితే తల అడ్డంగా ఊపారు. అందుకని పెట్టలేదు.

---

పాతసంచిక | ఆదివారం, ఉదయం 8:00

చివరి ఖాళీ స్లైడు తీసెయ్యమ్మా. రాజమండ్రిలో క్రావడి రాకపోవడంతోనే పాఠకుడికి అందింది. దాని తర్వాత ఖాళీ పెడితే చెప్పినదాన్నే మళ్ళీ చెప్పినట్టవుతుంది. మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచు.

---

నిప్పుకణిక | ఆదివారం, ఉదయం 10:20

పండితుల వారితో ఏకీభవిస్తున్నాను. సిద్ధాంతంలో వత్తు సగంలో ఆగడం అద్భుతం. ఒక్కటే సందేహం. జొన్నాడ దగ్గర వత్తు చేరడానికి డిలే ఎన్ని సెకన్లు పెట్టారు? సిద్ధాంతంలో ఆరు అన్నారు, ఇక్కడా ఆరే అయితే చూసేవాళ్ళు లెక్క పట్టేస్తారు.

---

తూర్పుగాలి | ఆదివారం, రాత్రి 7:35

నాదీ అదే ప్రశ్న. వీడియో చేసేముందు ఆ సమయం ఖాయం చేసుకోండి. వీడియోలోకి మారిస్తే నొక్కే పని ఉండదు, అన్నీ వాటంతటవే వెళ్ళిపోతాయి.

---

వానకోయిల | ఆదివారం, రాత్రి 11:15

ఖాళీ స్లైడు తీసేశాను. పండితులు గారూ, మీ నమస్కారాలు చెప్పాను, నాన్న కుడిచెయ్యి ఎత్తారు.

జొన్నాడకి మొదట తొమ్మిది సెకన్లు పెట్టాను. ఈ సాయంత్రం లాప్‌టాప్ ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టి చూపించాను. సిద్ధాంతం దగ్గర ఆయన తెర వంకే చూస్తూ పెదవులు కదిపారు. జొన్నాడ దగ్గర ఆయన ఇంకా ప్రయత్నిస్తుండగానే తొమ్మిది సెకన్లు అయిపోయి వత్తు వచ్చి చేరిపోయింది. నాకు తప్పు చేసినట్టనిపించింది.

అందుకని అక్కడ డిలే తీసేశాను. ఆన్ క్లిక్ పెట్టాను. స్పేస్ బార్ మీద ఆయన వేలు పెట్టించి మళ్ళీ మొదటి నుంచీ వేశాను. రెండోసారి జొన్నాడ దగ్గర చాలాసేపు ఆగారు, ఎంతసేపో చూసుకోలేదు. నొక్కారు.

వీడియో వేరేగా చేసి దాచుకుంటాను, తూర్పుగాలి గారూ. దానిలో తొమ్మిది సెకన్లే ఉంటాయి. ఇంట్లో ఉన్న ఫైలులో మాత్రం అది ఆయన నొక్కినప్పుడే వస్తుంది.